పక్కవాడి గ్లాసు

మధ్యాహ్నం నేను అన్నం ముందు కూర్చునే వేళకే ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగు చేస్తారు. ముందు సైరను మోగుతుంది. కాసేపటికి నేల కింద ఎవరో పెద్ద బీరువాను జరిపినట్టు గుర్రుమంటుంది. అల్మారాలో స్టీలు గ్లాసులు ఒకదాన్నొకటి తాకి గలగలమంటాయి. మా ఇంట్లో ఇప్పుడు మాట్లాడుకునేవి అవే. ఆ చప్పుడు వినగానే నాకు ఏసుదాసు కాక గుర్తొస్తాడు.

గోదావరిఖని బొగ్గుబాయిలో వయసంతా గడిపి రిటైరైన మనిషి కాక. క్రిస్మస్‌కు ముందు మా కాలనీ చర్చిలో పెట్టే ప్రేమవిందుకు ఆయనే పెద్దదిక్కు. పని లేనివాళ్లు, ఎవరూ లేనివాళ్లు, ఆకలైనవాళ్లు, ఎవరైనా రావచ్చు. ఏ దేవుడికి మొక్కుతావని అక్కడ అడగరు. ఏడో తరగతిలోనే బడికి దండం పెట్టి ఆటో ఎక్కిన నేను, ఆ విందులో పప్పుచారు బకెట్ మోసేవాణ్ని. "అవ్వా, ఇంకో గరిటె పొయ్యాల్నా, పడవ తెప్పియ్యాల్నా?" అంటూ వరసంతా నవ్వించుకుంటూ పోయేవాణ్ని.

ఆ విందులో కాక పెట్టిన పద్ధతి ఒకటుంది. సైరను వినపడగానే ప్రతివాడూ తన కుడిపక్క మనిషి గ్లాసు పట్టుకోవాలి. సన్నకాళ్ల బల్లలు కదా, నేల అదిరితే నీళ్లన్నీ విస్తట్లోకే. నాకది మొదట ఎగతాళిగా తోచింది.

"ఎవని గ్లాసు వాడు పట్టుకుంటే అయిపాయె గద కాకా, దీనికి గింత కథేంది?"

"అప్పుడు పక్కన ఎవలున్నరో సూడనే సూడవుర. బాయిల గట్ల నడ్వది. నీ నెత్తి మీది రాయి నీకు కనవడది, పక్కోనికి కనవడ్తది."

వడ్డన అయ్యాక చివరి బంతిలో నేనూ మా ఆవిడ స్వరూపా కూర్చునేవాళ్లం. తను ఎప్పుడూ నా ఎడమపక్కనే. సైరను మోగితే గాజుల చెయ్యి వచ్చి నా గ్లాసు మీద పడేది. జబ్బు చేసి తను చనిపోయిన ఏడాది కూడా నేను బకెట్ వదల్లేదు. ఎప్పటికన్నా ఎక్కువే నవ్వించాను. కూర్చోవడం మాత్రం నా వల్ల కాదనుకున్నాను. చివరి బంతి మొదలవుతుంటే కాక వచ్చి బకెట్ పట్టుకున్నాడు.

"తిన్నవా?"

"వాసనకే కడుపు నిండింది కాకా. ఇంక తింటే నా ఆటో నన్ను మొయ్యనంటది."

ఆయన నవ్వలేదు. "అందర్ని నవ్విచ్చుడైంది. ఇగ నువ్వు కూసో."

"ఏడ కూసోవాలె కాకా?" అన్నాను.

కాక బకెట్ కింద పెట్టి, నన్ను బల్ల దగ్గర కూర్చోబెట్టి, నా ఎడమపక్కన తాను కూర్చున్నాడు. సైరను మోగింది. పాత గాయాల్లో బొగ్గు నల్లగా దిగిపోయిన ఆయన చెయ్యి నా గ్లాసు మీదికి వచ్చింది. బల్ల వణికి ఆగింది. ఆగాక కూడా ఆయన చెయ్యి తియ్యలేదు. నేను తల ఎత్తకుండా అన్నమంతా తిన్నాను. జోకు వెయ్యకుండా నేను భోజనం ముగించడం మా కాలనీలో అదే మొదలు.

ఇప్పుడు కాక కూడా లేడు. విందు నడుస్తోంది, బకెట్ ఇంకా నా చేతిలోనే ఉంది. మొన్న చివరి బంతిలో బల్ల చివర ఒక కొత్త మనిషి ఒక్కడే కూర్చున్నాడు. కాంట్రాక్టు పనికి వచ్చాడట. సైరనుకు తన గ్లాసును తానే రెండు చేతులా పట్టుకున్నాడు. బకెట్ దించి, వడ్డించి పెట్టుకున్న నా విస్తరీ గ్లాసూ పట్టుకెళ్లి అతని ఎడమపక్కన కూర్చున్నాను.

"తమ్మీ, చేతులు తియ్యి. గది నా డ్యూటీ."

అతను బిత్తరపోయి చూసి, తర్వాత నవ్వాడు. నేల అదిరింది. అతని గ్లాసు నిలబడింది. నా ఎడమపక్కన ఎవరూ లేరు గనక నాది ఒలికి అన్నమంతా తడిసింది.

"అయ్యో, నీదెవలు పట్టలేదేందన్నా?"

"నాది చారన్నం తమ్మీ, గట్లనే తింట," అన్నాను.

ఇంట్లో సైరను మోగినప్పుడు కూడా నా గ్లాసు నేను పట్టుకోను. అది వణికినంతసేపూ చూస్తాను. ఒలికిన నీళ్లు తుడిచి, మళ్లీ పోసుకుంటాను.