జమ్మి చెట్టు పక్కన తెల్ల గుమ్మటం

ఎడారికి పోతున్నామని చెప్పగానే కోరుట్లలో ఉండే మా అక్క అడిగిన మొదటి మాట, "ఒంటె ఎక్కుతరా?" అని. రాజస్థాన్ పోయి వచ్చిన వాళ్ళెవరి ఫోన్ చూసినా ఒంటె, ఇసుక దిబ్బ, పసుపు రాళ్ళ కోట, వాటి ముందు నల్లద్దాలు పెట్టుకున్న మనిషి. నాకు అందరూ చూసేది చూడబుద్ధి కాదు. గొప్ప కోసం చెప్పడం లేదు, పుట్టుకతో వచ్చిన తిక్క అది. అందుకే ఎవరూ పెద్దగా పోని చోట్లు రెండు ఎంచి పెట్టుకున్నాను. ఒకటి బార్మేర్ దగ్గర కిరాడు అనే పాడుబడ్డ గుళ్ళు. రెండోది జైసల్మేర్‌కు ఇవతల అకల్ అనే చోట రాళ్ళుగా మారిపోయిన చెట్లు.

మాది సిరిసిల్ల. మా ఆయన మరమగ్గాల మీద నేయించిన తెల్లబట్టకు రంగు వేయించే పని మీద ఏడాదికోసారి అటువైపు పోతాడు. ఈసారి హోలీ దాటగానే నేనూ వస్తానన్నాను. నేను వస్తానంటే మా అత్తమ్మ ఊరుకుంటుందా?

"ఏం, నా కాళ్ళేమన్న ఇరిగినయా? నేను గూడ అస్త" అన్నది.

అత్తమ్మ ప్రయాణమంటే ఇల్లు కదిలినట్టే. సకినాలు, కారప్పొడి, పసుపు, కుంకుమ, బెల్లం, దీపం నూనె, కొబ్బరికాయలు. ఏ దేవుడు ఎక్కడ ఎదురుపడతాడో తెలియదు కదా. నీళ్ళ సంగతైతే చెప్పనే అక్కర్లేదు. మా ఇంటికి వచ్చే ఫిల్టర్ నీళ్ళ డబ్బా తప్ప ఇంకో చోటి నీళ్ళు ఆమె గొంతు దిగవు. చుట్టాల పెళ్ళికి పోయినా చంకలో సీసా ఉండాల్సిందే. మా ఆయన రంగుల మిల్లు దగ్గర ఆగిపోయి, మా ఇద్దరికీ కారు మాట్లాడి పంపించాడు. ఇంటి డబ్బా అంత దూరం రాదు కాబట్టి, డిక్కీలో సగం ఆమె కొనిపించిన సీలు నీళ్ళ సీసాలే ఉన్నాయి.

కిరాడులో ఆ పొద్దున మేం తప్ప యాత్రికులు లేరు. బోడి గుట్టల నడుమ ఎర్రరాతి గుళ్ళు, కొన్ని నిలబడి, కొన్ని కూలి ఉన్నాయి. నిలబడ్డ గుడి పీఠం చుట్టూ ఏనుగులు, గుర్రాలు, యుద్ధాలు వరుసలు వరుసలుగా చెక్కారు. పొద్దుగూకినాక అక్కడ ఉన్నవాళ్ళు రాళ్ళైపోతారని ఒక కథ ఉందట. డ్రైవర్ చెబితే నవ్వాను. ఆ పనితనానికి నోరు తెరుచుకుని తిరుగుతున్న నాకు అత్తమ్మ గొంతు వినిపించింది. గర్భగుడి ముందు నిలబడి ఉంది. లోపల దేవుడు లేడు, గబ్బిలాల వాసన తప్ప ఏమీ లేదు.

"గింత పెద్ద గుడి గట్టి దీపం బెట్టెటోడు లేడా? దేవుడేడి పిల్లా?"

సంచిలోంచి కొబ్బరికాయ తీసింది. కాపలా మనిషి పరుగెత్తుకొచ్చి, ఇక్కడ కొట్టకూడదని చేతులు అడ్డం పెట్టాడు. కాయ మళ్ళీ సంచిలోకి పోయింది. ఆమె మనసు మాత్రం అక్కడే ఉండిపోయింది. కారెక్కినాక కూడా "దేవుళ్ళను ఉపాసం బెట్టిండ్రు గదా పాపం" అని గొణుగుతూనే ఉంది. నాకు విసుగొచ్చి కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

జైసల్మేర్ దారిలో పడ్డాక ఆమె ముఖం విప్పారింది. రెండు పక్కలా ఇసుక నేల, ఆ నేలలో ఎక్కడ చూసినా జమ్మి చెట్లే. దసరా నాడు మనం ఊరవతల ఒక్క చెట్టు చుట్టూ తోసుకుని, ఆకు తెంపుకొని, బంగారమని చేతుల్లో పెట్టుకుంటామే, ఆ జమ్మి. అక్కడ మేకలు మేస్తున్నాయి దాన్ని. అత్తమ్మ ప్రతి చెట్టుకూ కారులోంచే దండం పెట్టింది. కొంత దూరం పోయాక చేతులు నొచ్చి, తల వంచడంతో సరిపెట్టింది.

మధ్యాహ్నం ఒక జమ్మి నీడలో కారు ఆపించాం. డ్రైవర్ టీ తాగడానికి ముందున్న కొట్టు దాకా నడిచిపోయాడు. మేం సద్ది విప్పి తిన్నాం. చేయి కడుక్కుంటూ అత్తమ్మ ఆగిపోయింది. కాస్త దూరంలో ఇంకా పెద్ద జమ్మి, దాని పక్కన ముళ్ళ కంప దడి. దడి లోపల గుండ్రంగా, వడ్ల కళ్ళమంత వెడల్పున గచ్చు నేల, ఊడ్చినట్టు శుభ్రంగా ఉంది. సరిగ్గా మధ్యన నడుమెత్తు గుమ్మటం, తెల్లగా సున్నం వేసి.

"జూసినవా? జమ్మి పక్కపొంటి దేవుడు గాక ఎవలుంటరు?"

నాకూ అలాగే అనిపించింది. మా వైపు పోచమ్మ గుడి ఇంతకంటే పెద్దగా ఉండదు. గుమ్మటానికి ఒక పక్క చిన్న ఇనుప రేకు తలుపు, దానికి గొళ్ళెం. పూజారి తీయాలి గానీ మనం తీయొద్దని అత్తమ్మ దాన్ని ముట్టనీయలేదు. అడుగున చుట్టూ జాలీ బిగించిన కంతలు. దీపం పొగ పోవడానికి పెట్టారేమో అనుకున్నాను.

అత్తమ్మ చెప్పులు దడి బయట విడిచింది. పొద్దున చేయనీయని పూజ మొత్తం ఇక్కడ చేసింది. డిక్కీలోంచి సీసాలు తెప్పించి గచ్చు కడిగింది. తాగే నీళ్ళే, కానీ దేవుని పని కదా, వెనకాడలేదు. గుమ్మటం నిండా పసుపు పూసి కుంకుమ బొట్లు పెట్టింది. దీపం గాలికి నిలవకపోతే మళ్ళీ మళ్ళీ నూనె పోసింది. కొబ్బరికాయ కొట్టింది. చివరికి బెల్లం నీళ్ళు కలిపి, అందులో రెండు జమ్మి రెమ్మలు వేసి, పోచమ్మకు పోసినట్టే గుమ్మటం చుట్టూ ధార తెగకుండా సాక పోసింది. నేల మధ్యకు వాలుగా ఉంది. కడిగిన నీళ్ళు, పసుపు, నూనె, సాక, అన్నీ కలిసి ఆ కంతల్లోకి జారిపోయాయి.

"జూడు పిల్లా, తల్లి ఎట్ల తాగుతున్నదో!" అని మురిసిపోయింది.

నేను ఫోటో తీసి ఇంటివాళ్ళ గ్రూపులో పెట్టాను. చూస్తుండగానే దండాల బొమ్మలు వరుసకట్టాయి. ఏ దేవతని అక్క అడిగింది.

అప్పుడే డ్రైవర్ మాకు టీ పట్టుకుని వచ్చాడు. దడి దగ్గర నిలబడిపోయాడు. గ్లాసు వంగి టీ చేతి మీద ఒలికినా చూసుకోలేదు.

"యే క్యా కియా మా జీ! పానీ హై యే, పానీ!"

అది గుడి కాదు. నీళ్ళ తొట్టి. వాన కురిసినప్పుడు ఆ గచ్చు మీద పడ్డ ప్రతి చుక్కా వాలుకు జారి, ఆ కంతల గుండా గుమ్మటం కింద తవ్విన లోతు గుంతలోకి దిగుతుంది. మళ్ళీ వానలు వచ్చేదాకా ఒక ఇల్లు ఆ నీళ్ళ మీదే బతుకుతుంది. అందుకే ముళ్ళ దడి, అందుకే ఆ శుభ్రం.

అత్త మీది కోపం దుత్త మీద చూపినట్టు డ్రైవర్ మీద అరిచాను, ముందే ఎందుకు చెప్పలేదని. నీళ్ళ తొట్టికి పూజ చేస్తారని నాకేమైనా కలొచ్చిందా అన్నాడతను. నిజమే, ఎవరికి కలొస్తుంది? అత్తమ్మకు హిందీ రాదు. "ఏమంటుండు?" అని నా కొంగు గుంజింది. చెప్పాను. నమ్మలేదు.

"పో పిల్లా! నీళ్ళ తొట్టికి గింత సోకేంది?"

ఇసుక దిబ్బ వెనక ఇళ్ళున్నాయని మాకు తెలియదు. అటునుంచి ఒకామె బిందె పట్టుకుని వచ్చింది. అత్తమ్మ కంటే కొంచెం చిన్నది కావచ్చు, ఎర్ర ఓణీ ముఖం మీదికి సగం దించుకుని ఉంది. పచ్చగా మారిన గుమ్మటం దూరం నుంచే కనబడింది కాబోలు, బిందె కింద పడేసి పరుగెత్తుకొచ్చింది. మమ్మల్ని చూడనైనా చూడలేదు. రేకు తలుపు తీసి తాడు కట్టిన బకెట్ వదిలి చేదింది. బకెట్లో నీళ్ళు పచ్చగా ఉన్నాయి. మీద నూనె చుక్కలు గుండ్రంగా తిరుగుతున్నాయి, ఒక జమ్మి ఆకు తేలుతోంది.

ఆమె అరిచి ఉంటే బాగుండేది. అరవలేదు. అత్తమ్మ మణికట్టు పట్టుకుని తలుపు దాకా ఈడ్చుకుపోయి, మెడ మీద చెయ్యేసి లోపలికి వంచింది. అత్తమ్మ చాలాసేపు అలాగే వంగి ఉంది. లేచినప్పుడు ఆమె ముఖంలో నెత్తురు లేదు.

నేను డ్రైవర్ చేత చెప్పించాను, ట్యాంకర్ తెప్పిస్తాం, ఎంతైనా సరే నింపించి పోతామని. ఆ ఇంటామె చెయ్యి అడ్డంగా ఊపింది. ట్యాంకర్లో వచ్చేవి బోరు నీళ్ళు, ఉప్పు. ఈ నీళ్ళ మీద పోస్తే కింద మిగిలిన తీపి కూడా పోతుంది. అయితే ఇవి తోడించి పారబోసి, కడిగించి నింపిద్దాం అన్నాను. ఆ మాట డ్రైవర్ ఆమెకు చెప్పగానే మొదటిసారి నా వైపు చూసింది. ఆ చూపు నాకు ఇప్పటికీ నిద్రలో వస్తుంది. పిచ్చిదాన్ని చూసే చూపు.

ఏదో రెండు ముక్కలు అన్నది. డ్రైవర్ హిందీలో చెప్పాడు. నేను తెలుగులో చెప్పలేక నిలబడ్డాను.

"ఏమన్నది? చెప్పు పిల్లా, ఏమన్నది?"

"పారబొయ్యరట అత్తమ్మా. వానలచ్చేదాంక గివే తాగుతరట."

అత్తమ్మ ఉన్నచోటనే కూలబడింది. ఎన్నోసార్లు ఆమె నోరు మూతపడితే బాగుండునని మొక్కుకున్న దాన్నే. ఆమెను అలా చూస్తే నాకు భయం వేసింది. "ఎంత పని జేస్తి, ఎంత పని జేస్తి" అని నేలను చూసి అనుకుంటూ ఉంది.

డిక్కీలో మిగిలిన సీసాలన్నీ దించి దడి పక్కన పెట్టాను. గుంతంత తప్పు ముందు ఆ సీసాలు చూస్తే నాకే సిగ్గేసింది. ఆ ఇంటామె బిందె తెచ్చుకుని, ఓణీ అంచు నాలుగు మడతలు పెట్టి మూతి మీద పరిచి, బకెట్లో నీళ్ళు వడగట్టింది. మళ్ళీ వడగట్టింది. బట్టకు పసుపు పట్టింది గానీ నీళ్ళ రంగు పోలేదు. నూనె అసలే పోలేదు. చెంబు ముంచి అత్తమ్మ ముందు పట్టింది.

"తాగండి" అన్నాడు డ్రైవర్ మెల్లగా. "గుమ్మం దాకా వచ్చినవాళ్ళకు నీళ్ళివ్వకుండా పంపరు వీళ్ళు."

అది మర్యాదో, శిక్షో నాకు ఇప్పటికీ తెలియదు. పెళ్ళిళ్ళలో కూడా సీసా వదలని మా అత్తమ్మ ఆ చెంబు రెండు చేతులతో అందుకుని, ఒక్క బొట్టు కింద పడకుండా మొత్తం తాగింది. తర్వాత నాకు ఇచ్చారు. పసుపు, దీపం నూనె, బెల్లం. వాటన్నిటి అడుగున ఎక్కడో వాన నీళ్ళ తీపి ఉంది.

సాయంత్రం అకల్‌లో రాతి చెట్లు చూశాం. ఇనుప కంచెల లోపల మొద్దులు పడి ఉన్నాయి. ఒకప్పుడు అక్కడ అడవి ఉండేదట. వాటి కోసమే అంత దూరం పోయినదాన్ని, ఇప్పుడు కళ్ళు మూసుకుంటే ఒక్క మొద్దు కూడా గుర్తుకు రాదు.

సిరిసిల్లకు రాగానే అత్తమ్మ గ్రూపులో ఫోటో తీసేయించింది. పొద్దున లేస్తే నా ఫోన్ నా చేతికే ఇచ్చి, "గా డ్రైవర్‌ను అడుగు, వాన వడ్డదా?" అనడం మొదలుపెట్టింది. నడి ఎండాకాలంలో ఎడారిలో వానేంటని నేను కసురుకున్నా మళ్ళీ మర్నాడు అదే మాట. అతను పాపం విసుక్కోకుండా లేదనే చెప్పేవాడు.

మొన్న మృగశిర దాటాక మా దగ్గర మొదటి వాన పడింది. పడడమంటే మామూలుగా కాదు, వీధంతా ఏరైంది. తంగళ్ళపల్లి నుంచి మగ్గం పనికి వచ్చే అతను వాకిట్లో నిలబడి, ఇక దుక్కులు సాగుతాయని సంబరపడ్డాడు. అత్తమ్మ లోపలి నుంచి వచ్చింది. మోరీలోకి దుంకుతున్న నీళ్ళను చూసింది. తర్వాత వాకిట్లోకి దిగి, తడుస్తూ, మొగులు వైపు తలెత్తి తిట్టడం మొదలుపెట్టింది.

"గీడెందుకు వడుతున్నవ్? నిన్ను గీడ ఎవలడిగిండ్రు? గాడ వడు, పో! గాడ నా పసుపు నీళ్ళు తాగుతుండ్రు వాల్లు!"

పక్కింటివాళ్ళు తలుపులు తీసుకుని చూస్తున్నారు. నేను చెయ్యి పట్టి గుంజినా ఆమె లోపలికి రాలేదు. వాన మాత్రం చీకటి పడేదాకా సిరిసిల్లలోనే కురిసింది.