ఖాళీ చేయకూడని కొలను

2018 ఏప్రిల్‌లో, బందరు కాలువ కట్టేసిన రోజుల్లో, ఒక ఇంటి పెరట్లో ఈతకొలను కట్టించే పని నాకు అప్పగించారు. అలాంటి పని చేయడం నాకదే మొదలు. అప్పుడు నేను గవర్నర్‌పేటలో ఒక స్ట్రక్చరల్ ఇంజనీరింగ్ ఆఫీసులో సీనియర్ ఇంజనీర్‌ని. డ్రాయింగ్ మీద సంతకం పెట్టే అధికారం మా యజమానికీ నాకూ మాత్రమే ఉండేది. అంతకుముందు అపార్ట్‌మెంట్లు, కల్యాణ మండపాలు, లెక్కలేనన్ని నీళ్ళ ట్యాంకులు చేశాను. కొలను కూడా ట్యాంకే, కాకపోతే భూమిలో ఉంటుందని మా యజమాని అన్నారు. కష్టమంతా ఆ భూమిలో ఉండటంలోనే ఉంది.

ఇల్లు కంకిపాడు దాటాక పొలాల మధ్యన. ఇంటి యజమాని రామ్మోహన్ గారిది లారీల వ్యాపారం. ఆయన భార్య వసుంధర గారికి తుంటి కీలు అరిగిపోయింది. ఆపరేషన్‌కి గుండె తట్టుకోదని, రోజూ ఛాతీ దాకా నీళ్ళలో నడవమని డాక్టర్లు చెప్పారు. నీళ్ళు ఒంటి బరువు మోస్తాయి, కీలు మీద భారం పడదు. ఆ ఇంట్లో ఈత వచ్చినవాళ్ళు ఒక్కరూ లేరు. కొలను ఆవిడ నడవడానికే. అందుకని అంతా ఒకే లోతు పెట్టి, ఒక గోడ పొడుగునా పట్టుకోవడానికి స్టీలు గొట్టం వేయించాను.

డెల్టాలో భూమి లోపలి నీళ్ళు కాలువలతో పాటు ఎక్కుతాయి, దిగుతాయి. వేసవిలో కాలువలు కట్టేస్తే నిలువెత్తు గొయ్యి తవ్వినా అడుగు పొడిగా ఉంటుంది. కాలువలు వదిలి, చుట్టూ పొలాల్లో నాట్లు పడ్డాక, మోకాలి లోతు తవ్వితే ఊట వస్తుంది. కాంక్రీటు తొట్టె నిండుగా ఉన్నంతకాలం లోపలి నీటి బరువుకి కదలకుండా కూర్చుంటుంది. ఆ రోజుల్లో దాన్ని ఖాళీ చేస్తే మాత్రం పడవే. కింది నీళ్ళు దాన్ని ఎత్తుతాయి, ఎత్తేటప్పుడు విరుస్తాయి. అలా కాకుండా అడుగున రెండు వాల్వులు పెట్టాను. ఒక్కోదానికి అరచేతంత మూత. కింద ఒత్తిడి పెరిగితే మూత తెరుచుకుని ఊట నీళ్ళు లోపలికి వస్తాయి, లోపలా బయటా సమానం కాగానే మూసుకుంటుంది. అయినా మోటారు గది తలుపు మీద "కొలను ఖాళీ చేయరాదు" అని ఎర్ర రంగుతో రాయించాను. ఎందుకు చేయకూడదో రామ్మోహన్ గారికి విడమరిచి చెప్పాను.

పని పూర్తయ్యాక ఒక సాయంత్రం నాలుగింటికి వెళితే వసుంధర గారు నీళ్ళలో ఉన్నారు. గొట్టం పట్టుకుని నడుస్తున్నారు. కుడికాలు పూర్తిగా పడేది, ఎడమకాలు సగమే. నీళ్ళలో ఒక పెద్ద చప్పుడు, వెంటనే ఒక చిన్న చప్పుడు, ఆపైన కాస్త విరామం. నన్ను చూసి, "మీరు కట్టింది కొలను కాదండీ, నాకు కాళ్ళు" అన్నారు. అని, సిగ్గుపడి, కాఫీ తాగి వెళ్ళమన్నారు.

మరుసటి ఏడు ఆగస్టులో ఆవిడ నిద్రలోనే పోయారు. కబురు నాకు ఆలస్యంగా, అదీ మేస్త్రి నాగేశ్వరరావు ఫోన్ చేస్తే తెలిసింది. అతనే మాకు ఆ కొలను కట్టింది.

"మేడమ్, కంకిపాడు కొలను కింద బొక్కలు రెండూ మూసెయ్యమంటన్నారు. ఒకటి మూసేశాను. రెండోదానికి సిమెంటు కలుపుతుంటే అడుగున ఏదో కొట్టినట్టయింది. మీకో మాట చెబుదామని..."

సిమెంటు పారేసి, అందరినీ గట్టు మీదికి ఎక్కించమని చెప్పి బయల్దేరాను.

జరిగింది ఇది. ఇంట్లో మనిషి పోతే నిలవున్న నీళ్ళన్నీ పారబోయడం మా వైపు ఆనవాయితీ. రామ్మోహన్ గారు శ్మశానానికి వెళ్ళినప్పుడు ఆయన మేనత్త సీతారావమ్మ గారు బిందెలు, డ్రమ్ములు, మిద్దె మీద ట్యాంకు ఖాళీ చేయించి, ఆ వరసలోనే కొలను కూడా తోడించారు. నీళ్ళు పక్క చేలోకి పోయాయి. మర్నాటి పొద్దుటికి అడుగున మోకాలి దాకా నీళ్ళు వచ్చి ఉన్నాయి. మళ్ళీ తోడించారు. మళ్ళీ వచ్చాయి. రెండోసారి నీళ్ళతో పాటు చప్పుడు కూడా వచ్చింది. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. పనిమనిషి చీపురు పెరట్లోనే పారేసి వెళ్ళిపోయింది. వంటింటి వెనక తలుపుకి గడియ పెట్టేశారు. సాయంత్రం నాలుగయ్యేసరికి టీవీ పెద్దగా పెట్టుకుంటున్నారని నాగేశ్వరరావు చెప్పాడు. చావు జరిగిన ఇంట్లో టీవీ పెట్టరు.

నేను వెళ్ళేసరికి మబ్బు పట్టి ఉంది. కొలను తోడేసి ఉంది. అడుగున పరిచిన తెల్లటి పలకల మీద సిమెంటు ముద్ద బూడిదరంగు మచ్చలా కనిపించింది. రెండో వాల్వు నుంచి నీళ్ళు బుగబుగమంటూ వస్తున్నాయి. దాని మూత లేచి పడుతోంది, లేచేటప్పుడు ఒక చప్పుడు, పడేటప్పుడు ఒక చప్పుడు. నాగేశ్వరరావుకి అది చూపించి, విన్నావు కదా అన్నాను. విన్నానన్నాడు, కానీ కొలనులోకి దిగనన్నాడు.

మూతల సంగతి నాకు భయం కలిగించలేదు. కలిగించింది గట్టు. గట్టు రాళ్ళకీ పెరటి నాపరాళ్ళకీ మధ్య, మూసేసిన వాల్వు ఉన్న వైపు, వేలు పట్టేంత సందు పడింది. కట్టినప్పుడు అక్కడ సందు లేదు. తొట్టె కదులుతోంది. చూస్తుండగా అడుగున ఒక పలక టక్కున పగిలింది. దగ్గరలో ఎవరూ లేరు. కాసేపాగి దాని పక్కది పగిలింది, తరవాత ఇంకొకటి, వరసలో, ఎవరో అడుగు తీసి అడుగు వేస్తున్నట్టు.

రామ్మోహన్ గారు గడియ తీసి బయటికి వచ్చారు. గడ్డం మాసి ఉంది. గంటలో వాల్వు తెరవకపోతే కొలను దక్కదని చెప్పాను. ఆయన గొట్టం వైపు చూస్తూ, "ఆవిడ నడిచింది ఇక్కడేనండి. ఇది పగిలితే ఈ ఇంట్లో నేనుండలేను. కానీ అత్తయ్య మాట కాదని ఎరగను. నన్ను పెంచింది ఆవిడే" అన్నారు.

అప్పటికే సీతారావమ్మ గారు గడపలోకి వచ్చారు. ఎనభై దాటిన మనిషి.

"ఏమ్మా ఇంజనీరమ్మా, మూయమంటే తెరవమంటున్నావంట? చచ్చిపోయిన మనిషి నీళ్ళు ఇంట్లో పెట్టుకోమంటావా?"

"తెరవకపోతే కొలను పైకి లేస్తుందండీ."

"లేస్తుందా! ఇదేమన్నా పూరీనా పొంగటానికి?"

అడుగు నుంచి మళ్ళీ చప్పుడైంది. ఆవిడ మాట తగ్గించారు.

"కింద నించి కొడుతోంది ఎవరే?"

"నీళ్ళేనమ్మా."

ఆవిడ నా చేతుల వైపు, మెడ వైపు చూశారు. మా ఆయన పోయి అప్పటికి ఏడాది దాటింది. మా ఇంట్లోనూ మా ఆడపడుచు నీళ్ళన్నీ పారబోసింది. ఆసుపత్రికి వెళ్ళేముందు ఆయన పట్టుకుని ఫ్రిజ్‌లో పెట్టుకున్న సీసా కూడా వాటిలో ఉంది. నేను అడ్డు చెప్పలేదు. అందుకని సీతారావమ్మ గారిని మూర్ఖురాలనుకోవడం నా వల్ల కాలేదు. ఆవిడ తన పని తాను చేస్తున్నారు.

పెరటి మూల పాత బావి ఉంది. "ఆ బావి కూడా తోడించారా అమ్మా?" అని అడిగాను.

"బావెవరు తోడిస్తారు? ఊట నీళ్ళకి మైలేంటి? నిలవ నీళ్ళకే."

"ఇవీ ఊట నీళ్ళే. మీరు తోడించినవి పోయాయి. ఇవి కింద నుంచి వచ్చినవి."

ఆవిడ చప్పున ఒప్పుకోలేదు. గట్టు దాకా వచ్చి, నాగేశ్వరరావు భుజం పట్టుకుని, వంగి చూశారు.

"మొన్న తోడిన నీళ్ళు పక్క చేలోకేగా పోయినయ్? అవే ఇంకి, మళ్ళీ ఇటు రాలేదని ఏంటి నమ్మకం?"

ఆ ప్రశ్న నేను ఊహించలేదు. అబద్ధం చెప్పడం కుదిరేది. కానీ చేనుకీ కొలనుకీ మధ్య దూరం ఎంతో కాదు, తోడి మూడు రోజులు కూడా కాలేదు.

"కొన్ని అవే అయ్యుండొచ్చమ్మా. భూమిలో పడ్డాక ఏవి ఏ నీళ్ళో నేను చెప్పలేను."

రామ్మోహన్ గారు అప్పుడు మొదటిసారి తలెత్తారు. సీతారావమ్మ గారు బావి వైపు చూశారు. ఇంకో పలక పగిలింది.

"భూమిలో పడితే మైల పోయినట్టేలే," అన్నారు చివరికి. "అయితే ఇది గోలెం కాదు, బావి. ఒరే నాగేశ్వర్రావ్, చూస్తావేంరా, దిగు."

నాగేశ్వరరావు ఉలి, సుత్తి పట్టుకుని దిగాడు. సిమెంటు ఇంకా పచ్చిగానే ఉండడంతో తొందరగా ఊడింది. నీళ్ళు చల్లగా, రేగడి మట్టి వాసనతో, అతని మోకాలంత ఎత్తుకి ఎగజిమ్మాయి. అతను పైకొచ్చాక మోటారు పెట్టి బావి నుంచి కూడా కొలనులోకి నీళ్ళు వదిలించాను. చీకటి పడేలోపు గట్టు సందు ఇంకా పెరగడం ఆగింది.

పదకొండో రోజున భోజనాలకి పిలిస్తే వెళ్ళాను. అందరూ లోపల విస్తళ్ళ ముందు ఉన్నప్పుడు పెరట్లోకి వెళ్ళి తనిఖీ చేశాను. నీళ్ళు నిండుగా, అడుగు కనిపించేంత తేటగా ఉన్నాయి. లోపలి నీళ్ళు బయటి ఊట కంటే పైన ఉన్నాయి కాబట్టి రెండు మూతలూ మూసుకునే ఉన్నాయి. ఆ స్థితిలో అవి కదలవు. గాలి లేదు. గట్టు మీద కూర్చుని చూస్తుంటే గొట్టం ఉన్న వైపు చప్పుడైంది. ఒకటి పెద్దది, వెంటనే ఒకటి చిన్నది. కాస్త ఆగి, మళ్ళీ. గొట్టం పొడుగునా ఆ చివరి దాకా వెళ్ళి ఆగిపోయింది. నీటి మీద అల లేదు. దీనికి నా దగ్గర లెక్క లేదు.

వెళ్ళేటప్పుడు రామ్మోహన్ గారు కారు దాకా వచ్చి, "మీకేమన్నా వినపడిందాండీ?" అని అడిగారు.

"మూతలేనండి," అన్నాను.

సరేనని తల ఊపి, కారు తలుపు వేశారు. ఆయనకి కావలసిన జవాబు అది కాదని పెనమలూరు దాటాక తోచింది.

కొలను ఇప్పటికీ ఉంది. పగిలిన పలకలు మార్పించలేదు. ఆ తరవాత, రిటైరయ్యేలోపు, ఇంకొన్ని ఇళ్ళకి కొలనులు డిజైన్ చేశాను. తలుపు మీద ఎర్ర అక్షరాలు రాయించడం మానేశాను, వాటిని చదివే మనిషి ఆ రోజు ఇంట్లో ఉండడు. దానికి బదులు మట్టి పరీక్ష కంటే ముందే ఇంటివాళ్ళని ఒక సంగతి అడిగేదాన్ని: మీ ఇంట్లో ఎవరైనా పోతే నీళ్ళు పారబోసేదెవరు? వాళ్ళని పిలిపించి, వాల్వులు చూపించి, ఇది బావి అని చెప్పి, ఆ తరవాతే డ్రాయింగ్ మీద సంతకం పెట్టేదాన్ని.