ముందు ఊపిరి, తర్వాత అందం

ఆవిడ కొప్పులో పిన్ను ఉండాల్సిన చోట స్క్రూడ్రైవర్ ఉంటుంది. అందుకని ఆ వీధిలో పిల్లా పెద్దా అందరికీ ఆవిడ స్క్రూ పిన్ని. ఆ పేరు పెట్టింది ఆవిడ మరిది. "మా వదినకి ఒక స్క్రూ లూజు, ఎప్పుడూడిపోతుందోనని తల్లోనే పనిముట్టు పెట్టుకు తిరుగుతుంది" అన్నాడు ఒకసారి నలుగురిలో. ఆవిడ కోపం తెచ్చుకోలేదు. "లూజైతే బిగించుకుంటాను మరిదీ, నీలాగా అరిగిపోతేనే కష్టం" అంది. ఆ రోజు నుంచి మరిది ఆ మాట ఎత్తలేదు గానీ పేరు మాత్రం బిగుసుకుపోయింది.

మూడు మెట్లెక్కితే వాళ్ళ కొట్టు. ముందు గది భర్తది, వెనక గది ఆవిడది. పెళ్ళైన కొత్తలో ఇద్దరూ కలిసి టైపు మిషన్లు బాగుచేసేవారు. అవి మూలబడ్డాక ఆయన ఫ్యాన్లకీ ఇస్త్రీపెట్టెలకీ మళ్ళాడు. "తిరిగేవీ కాలేవీ నాకొదిలెయ్. ఆలోచించేవాటి జోలికి నేను రాను. ఈ ఇంట్లో ఆలోచించేదానివి నువ్వేగా" అని కంప్యూటర్లు ఆవిడకి అప్పగించాడు. అప్పటికి ఆవిడకి ముప్పై ఎనిమిదేళ్ళు. మొదటి కంప్యూటరు విప్పిన రోజు మరలన్నీ ఒక కాగితం మీద వరసగా పెట్టి, ఏది ఎక్కడిదో పక్కన పెన్సిల్‌తో రాసుకుంది. భర్త అప్పుడే బాగుచేసిన ఫ్యానుని ఎలా తిరుగుతుందో చూద్దామని వేశాడు. కాగితం ఒక దిక్కుకి, మరలు నాలుగు దిక్కులకి పోయాయి. మళ్ళీ బిగించడానికి మూడు రోజులు పట్టింది. బిగించాక రెండు మరలు మిగిలాయి. కంప్యూటరు మాత్రం శుభ్రంగా పనిచేసింది.

ఆ రెండు మరలూ ఇప్పటికీ చిన్న సీసాలో ఉన్నాయి. "నాకు అన్నీ తెలుసనిపించినప్పుడల్లా ఆ సీసా ఊపి వింటాను" అంటుంది.

ఆవిడ పని తీరే అంత, అన్నీ చెవితో. స్క్రూడ్రైవర్ మొన పెట్టెకి ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుంటుంది. ఫ్యాను అరిగిందా, దుమ్ము పట్టిందా, వైరు తగులుతోందా అన్నది ఆ చప్పుడే చెబుతుంది. "యంత్రం అబద్ధం చెప్పదు. చెబితే తెచ్చినవాళ్ళే చెప్పాలి" అన్నది ఆవిడ నమ్మకం. కాఫీ ఒలకబోసినవాళ్ళు "ఏమీ చెయ్యలేదండీ, దానంతటదే పోయింది" అంటూ వస్తుంటారు మరి.

అంత చెవి ఉన్న మనిషిని నాలుగు రోజులు తిప్పలు పెట్టింది కుట్టు టీచరమ్మగారి కంప్యూటరు.

టీచరమ్మకి డెబ్బై ఒకటి. నలభై అయిదేళ్ళుగా ఊళ్ళో సగంమందికి బట్టలు కుట్టి, మిగతా సగానికి కుట్టడం నేర్పింది. ఆవిడ శిష్యురాళ్ళని ఎక్కడున్నా గుర్తుపట్టవచ్చంటారు. ఎదుటి మనిషి మొహం కంటే ముందు భుజాలు చూస్తారట. ఇప్పుడావిడకి చూపు మందగించింది. సూదిలో దారం కోడలు ఎక్కించాలి. అందుకని తనకు తెలిసిందంతా పుస్తకంగా పెట్టాలని పట్టుపట్టింది. అత్తగారు చెబుతుంటే కోడలు కంప్యూటర్లో టైపు చేస్తుంది, కత్తిరింపుల బొమ్మలు గీస్తుంది. పుస్తకంలో మొదటి వాక్యం: "ముందు ఊపిరి, తర్వాత అందం."

ఊళ్ళోని కుట్టు శిక్షణ బడివాళ్ళు సోమవారం మొదలయ్యే తరగతికి ఆ పుస్తకమే పెడతామన్నారు. కానీ శుక్రవారం సాయంత్రం అయిదింటికల్లా అది ప్రెస్సులో ఉండాలి. లేకపోతే పాత పుస్తకమే మళ్ళీ ఇంకో ఏడాది. ఆ పాత పుస్తకమంటే టీచరమ్మకి ఒంటిమీద తేళ్ళూ జెర్రులూ పాకినట్టుంటుంది.

"అందులో చంక కొలత తప్పమ్మా! అది చూసి కుట్టిన చొక్కా తొడుక్కుని ఎవడూ చెయ్యి పైకెత్తలేడు. ఇరవయ్యేళ్ళుగా ఈ ఊళ్ళో సగంమంది చేతులు దించుకునే తిరుగుతున్నారు."

నెల కిందట ఆ కంప్యూటరు వేడెక్కి ఆరిపోతోందంటే స్క్రూ పిన్ని మొదటిసారి వాళ్ళింటికి వెళ్ళింది. కంప్యూటరు ఉన్నది కుట్టుమిషను పక్కనే. పెట్టె విప్పి చూస్తే లోపల రంగురంగుల నూలుపోగులు చేరి, ఫ్యాను కింద మెత్తగా అట్టకట్టి ఉన్నాయి.

"ఇది కంప్యూటరా, పరుపా టీచరుగారూ?" అంది.

పోగులన్నీ లాగి, బ్రష్షుతో దులిపి, ఫ్యాను మార్చి, చిప్పు వేడిని లాగే పాత పేస్టు గీకేసి కొత్తది రాసింది. పోతూ పోతూ గుమ్మంలో నిలబడి గట్టిగా చెప్పింది. "వైద్యం నేను చేశాను. పథ్యం మీది. దీనిమీద ఇక ఒక్క పోగు వాలకూడదు."

"పోగేం ఖర్మ, ఈగని కూడా వాలనివ్వను" అంది టీచరమ్మ.

మూడు వారాలు ఏ కబురూ లేదు. సోమవారం పొద్దున్నే కోడలు ఫోను చేసింది. "అక్కా, మళ్ళీ మొదలెట్టింది. అరగంట పనిచేస్తుంది, టపీమని ఆరిపోతుంది. ఇంకా ఇరవై పేజీలు మిగిలాయి."

మంగళవారం కంప్యూటర్ని కొట్టుకి తెచ్చారు. బుధవారం పొద్దుటినుంచి సాయంత్రందాకా నడిపించింది స్క్రూ పిన్ని. పెట్టె చల్లగా, నిమ్మకు నీరెత్తినట్టు కూచుంది. చెవి పెట్టి వింది. ఫ్యాను పాడిన పాటే పాడుతోంది. "దీనికి రోగమే లేదు" అని తిప్పి పంపింది.

గురువారం పొద్దున్న తొమ్మిదింటికి ఫోను. "అక్కా, ఆరిపోయింది."

ఆవిడ సంచీ భుజాన వేసుకుని బయల్దేరింది. ఆ ఇంటి కరెంటు చూసింది, బాగానే ఉంది. ప్లగ్గు మార్చింది. కిటికీ తీయించింది, బల్లని గోడనుంచి జానెడు ముందుకి జరిపించింది. గంటన్నర ఎదురుగా కూచుంది. కంప్యూటరు బుద్ధిమంతురాలైన కొత్తకోడల్లా ఒక్క మాట అనలేదు.

"మీరుంటే ఒదిగి ఉంటుంది. పోనీ, పుస్తకం అయ్యేదాకా మీరే మా ఇంట్లో ఉండిపోండి" అంది టీచరమ్మ. నవ్వుతూనే అన్నా గొంతులో దిగులుంది. ఒళ్ళో ఉన్న కొలతల టేపుని వేలికి చుట్టడం, విప్పడం. "చేత్తో రాసిద్దామంటే నా గీత నాకే కనిపించదు. ఆ పాత పుస్తకమే మళ్ళీ వస్తుందంటావా అమ్మాయ్?"

"రానివ్వను" అంది స్క్రూ పిన్ని. అనేసిందే గానీ, ఎలా రానివ్వదో ఆవిడకే తెలియదు.

కొట్టుకి తిరిగొచ్చి ఇలా కూచుందో లేదో మళ్ళీ ఫోను. "అక్కా..."

"ఆరిపోయిందా?"

"ఊఁ."

తల ప్రాణం తోకకొచ్చింది ఆవిడకి. భర్త ముందు గదిలోంచి తొంగి చూశాడు. "ఏమోయ్, నాకు తెలుసు దాని జబ్బేంటో."

"ఏంటండీ?"

"నువ్వంటే భయం. నాకూ అదే జబ్బు. నువ్వెదురుగా ఉంటే ఒక్క తప్పు చెయ్యను."

"మీరు నేనెదురుగా ఉన్నా చేస్తారు. కాస్త ఊరుకోండి, ఆలోచించుకోనివ్వండి."

ఆలోచించేటప్పుడు స్క్రూడ్రైవర్ తీసి పిడితో చెవి వెనక గోక్కోవడం ఆవిడ అలవాటు. చెయ్యి కొప్పుమీదికి వెళ్ళింది. కొప్పు ఖాళీ.

"అయ్యో! టీచరమ్మ బల్లమీద మర్చిపోయాను."

"చూశావా, ఇప్పుడు నిజంగానే స్క్రూ..."

"అనకండి" అని మెట్లు దిగేసింది.

రేపొస్తానని చెప్పి వచ్చిన మనిషి ఇంత త్వరగా తిరిగొస్తుందని ఆ ఇంట్లో ఎవరూ అనుకోలేదు. తలుపు తీసే ఉంది. లోపల ఒక పక్క టీచరమ్మ కుట్టుమిషను తొక్కుతోంది, ఇంకో పక్క కోడలు కంప్యూటరు మళ్ళీ వెలిగించి ఎంత పని అయితే అంత అని గబగబా టైపు చేస్తోంది. స్క్రూ పిన్ని గడపలోనే ఆగిపోయింది.

కంప్యూటరు పెట్టె కోటు తొడుక్కుని ఉంది.

ముదురు నీలం కార్డురాయ్ కోటు, చారల చారల మందపాటి గుడ్డ. లోపల మెత్తటి లైనింగు. ముందు నాలుగు బొత్తాలు, పైన చిన్న కాలరు కూడా. వెనక వైర్లు బయటికి రావడానికి కాజాలు, వాటి చుట్టూ ఎంత సన్నటి కుట్టంటే వైరు పక్కనుంచి చీమ దూరదు. మూలలు పెట్టె మూలలకి అతుక్కుని ఉన్నాయి. ఎక్కడా ఒక్క ముడత లేదు. ఆవిడ దగ్గరికెళ్ళి చెయ్యి వేసింది. వెంటనే తీసేసింది. అప్పుడే పొయ్యిమీంచి దించిన గిన్నెలా ఉంది.

"అమ్మో, అక్కా!" కోడలు ఉలిక్కిపడి లేచి బొత్తాలు విప్పబోయింది. "మీరొస్తున్నారని చెబితే తీసి ఉంచేదాన్నే."

"ఎందుకు తీస్తావమ్మా?"

"డాక్టరు దగ్గరికెళ్తే కోటు విప్పమా? మీ కొట్టుకి పంపేటప్పుడు కూడా, వానొస్తే తడుస్తుందని తీసేశాను. మీరు పొద్దున్నొచ్చినప్పుడూ తీసి బీరువాలో పెట్టాను."

"మరి నేను వెళ్ళగానే?"

"తొడిగాను. అత్తయ్య మిషను తొక్కుతారుగా, పోగులు లేస్తాయి."

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడం అంటే ఇదే. స్క్రూ పిన్నికి నవ్వు పొంగుకొచ్చింది. అంతలోనే ఆపుకుంది. టీచరమ్మ మిషను ఆపి ఇటే చూస్తోంది, గర్వంగా.

"కాలరు చూశావా అమ్మాయ్? ఈ కళ్ళతో కుట్టాను. పదకొండు రోజులు పట్టింది. దారం ఎక్కించడం తప్ప దీన్ని ముట్టుకోనివ్వలేదు కోడల్ని. బహుశా నా చేతిమీదుగా ఇదే ఆఖరి కోటు."

ఏం చెప్పాలి? ఏ నోటితో చెప్పాలి? మదర్‌బోర్డు కాలిందని ఎంతోమందికి చెప్పింది, ఫొటోలన్నీ పోయాయని చెప్పింది. ఇంత కష్టమైన మాట ఎప్పుడూ చెప్పాల్సిరాలేదు. పైగా ఒక్క పోగు వాలకూడదన్నది ఎవరు? సీసాలో రెండు మరలు గలగలమన్నట్టయింది.

"టీచరుగారూ, ఒక దారం ఇస్తారా? జానెడు చాలు."

కోటు విప్పించింది. దారాన్ని పెట్టె ముందున్న రంధ్రాల దగ్గర పట్టుకుంది. దారం లోపలికి లాక్కున్నట్టు వెళ్ళి అతుక్కుంది. పెట్టె వెనక పట్టుకుంది. దారం బయటికి ఎగిరి ఊగింది.

"ఏం కనిపించింది?"

టీచరమ్మ వంగి, కళ్ళు చికిలించి, చూసింది. చూపు చాలక వేలు పెట్టి ఆ గాలిని తడిమింది. ముందు చల్లగా, వెనక వెచ్చగా. చాలాసేపు వేలు తియ్యలేదు.

"ముందు పీలుస్తున్నాడు. వెనక వదులుతున్నాడు" అంది నెమ్మదిగా. "నేను వీడి ముక్కూ నోరూ రెండూ మూసి, పైన కాలరు కుట్టాను."

కోడలు అత్తగారి మొహంలోకి చూడలేక తెరవైపు తిరిగింది. తెరమీద పుస్తకం మొదటి పేజీ తెరిచి ఉంది. కోడలికి ఏం తోచక దాన్నే పైకి చదివేసింది. "ముందు ఊపిరి, తర్వాత అందం."

ముందు టీచరమ్మ భుజాలు కదిలాయి. ఏడుస్తుందేమోనని స్క్రూ పిన్ని ఒక అడుగు ముందుకేసింది. ఏడుపు కాదు, నవ్వు. అలా ఇలా కాదు, కళ్ళజోడు తీసి కొంగుతో కళ్ళు తుడుచుకునేంత నవ్వు.

"ఆ వాక్యం దీని చేతే టైపు చేయించానే! తర్వాత దీనికే కోటు తొడిగాను! నలభై అయిదేళ్ళు అందరికీ చెప్పాను, చంక దగ్గర వదులు పెట్టండే, మనిషి ఊపిరి తీసుకోవాలే అని. పాపం, ఇది నోరులేనిది. నోరుంటే నన్ను ఎన్ని తిట్టేదో!"

"తిట్టిందిగా అత్తయ్యా, అరగంటకోసారి" అంది కోడలు.

"తప్పు నాదీ ఉంది టీచరుగారూ" అంది స్క్రూ పిన్ని. "పోగు వాలకూడదన్నాను గానీ గాలి ఆడాలనలేదు. సగం పథ్యమే చెప్పాను."

"సగం నీది, సగం నాది. కలిపితే ఒక నిండు తప్పు. దాని సంగతి తర్వాత, రేపు అయిదింటికి ఇంకెన్ని గంటలుంది?"

కోటు బీరువా ఎక్కింది. కుట్టుమిషను పక్క గదిలోకి మారింది. ముగ్గురూ కలిసి ఈడ్చారు, ఈడుస్తూ ముగ్గురూ మళ్ళీ నవ్వారు. టీచరమ్మ టేపు తీసి, ముందున్న రంధ్రాల కొలత తీసుకుని, పల్చటి వలగుడ్డ కత్తిరించింది. అంచులకి వదులుగా, ఊడదీసి ఉతికేలా కట్టింది. వారానికోసారి అది ఉతకాలి. పెట్టె ఆపి, చల్లారాక మాత్రమే పైన గుడ్డ కప్పాలి. ఈసారి స్క్రూ పిన్ని పథ్యం మొత్తం చెప్పింది, కోడలిచేత రెండుసార్లు అప్పజెప్పించుకుంది కూడా.

శుక్రవారం పొద్దున్న ఎనిమిదింటికి వెలిగించిన కంప్యూటరు సాయంత్రం నాలుగింటిదాకా ఒక్కసారి ఆరలేదు. ఆ రోజు స్క్రూ పిన్ని కొట్టులో ఎన్నిసార్లు ఫోనువైపు చూసిందో లెక్కలేదు. మోగలేదు. నాలుగున్నరకి మోగింది.

"ఆరిపోయిందా?"

"లేదక్కా, నేనే ఆపాను. అయిపోయింది! అత్తయ్యా నేనూ ప్రెస్సుకి వెళ్తున్నాం. ఇరవై ఒక్క పేజీలు."

"ఇరవై కదూ?"

"మధ్యాహ్నం అత్తయ్య ఇంకోటి చెప్పి రాయించారు. ఊపిరి తీసుకునే దేనికైనా కొలత తీసేముందు దారం పట్టుకుని చూడమని. మొదటి పేజీ తర్వాతే పెట్టించారు."

సోమవారం తరగతి కొత్త పుస్తకంతోనే మొదలైంది. తర్వాతి వారం టీచరమ్మ కోడలి చెయ్యి పట్టుకుని మూడు మెట్లూ ఎక్కి కొట్టుకొచ్చింది. చంకలో నీలం కార్డురాయ్ మూట. కోటు విప్పేసి పనిముట్ల సంచీ కుట్టింది. కాలరు ఉన్నచోట ఇప్పుడొక సన్నటి జేబు.

"అది నీ స్క్రూడ్రైవర్‌కి. తల్లో గుచ్చుకుని తిరగకు, ఏనాడో బుర్రకి కన్నం పడుతుంది."

స్క్రూ పిన్ని కొప్పులోంచి స్క్రూడ్రైవర్ తీసి జేబులో పెట్టింది. అది అటూ ఇటూ ఊగింది. ముందు గదిలోంచి భర్త చూసి అననే అన్నాడు. "కాస్త లూజుగా ఉందే!"

"ఉండాలయ్యా" అంది టీచరమ్మ కుర్చీలో కూచుంటూ. "ఇకనుంచి నా చేతిలో ఏదీ బిగుతుగా రాదు. నీ చొక్కా కూడా ఒకసారి ఇటు చూపించు, నువ్వు చెయ్యి పైకెత్తగా నేనింతవరకూ చూడలేదు."