బ్రౌజర్లోకి ఎక్కిన పాత ప్రోగ్రాము

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, భీమవరంలో రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్షించే ఒక ల్యాబులో నేను ప్రోగ్రామర్ని. పెద్దగా ఊహించుకోకండి. ప్రింటర్లో కాగితం ఇరుక్కున్నా, ఫ్యాను తిరగకపోయినా నన్నే పిలిచేవారు. ఆ ల్యాబు కోసం నేను రాసిన ప్రోగ్రాము ఒకటి ఉండేది. బూడిద రంగు కిటికీ, అందులో బూడిద రంగు బటన్లు, పైన మెనూ. అందం సంగతి అడక్కండి గానీ, పని మాత్రం చేసేది.

దాన్ని నడిపేది ఒక ఆపరేటరు. చర్చి బడిలో పనిచేసి రిటైరైన టీచరుగారి పెద్దమ్మాయి. ఇద్దరు చెల్లెళ్ళ చదువు ఆవిడ జీతం మీదే నడిచేది, ఆ సంగతి ల్యాబులో అందరికీ తెలుసు. లోపల టెక్నీషియన్ సీసా నెంబరు, ఉప్పదనం, పీహెచ్, అమ్మోనియా గట్టిగా చదువుతుంటే, ఈవిడ తల తిప్పకుండా టకటకా కొట్టేసేది. కాగితం మీద రాసుకునే అలవాటు ఆ ల్యాబులో లేదు. ఆయన చదవడం, ఈవిడ కొట్టడం, చివర్లో కీబోర్డు మీద ఎఫ్ ఫైవ్ కీ నొక్కడం. ఎఫ్ ఫైవ్ అంటే సేవ్. ఆవిడ అడిగితే నేనే పెట్టాను. నొక్కగానే అంకెలు లోపలికి వెళ్ళిపోయి, తర్వాతి సీసా కోసం ఖాళీ ఫారం వచ్చేది. ఆవిడ మౌసు ముట్టుకోగా నేనెప్పుడూ చూడలేదు.

ఇలా ఉండగా మా ఓనరుగారు హైదరాబాదులో ఏదో ఎగ్జిబిషన్‌కి వెళ్ళొచ్చారు.

"ఏవండీ, ఇప్పుడంతా బ్రౌజర్లోనేనంట. అమలాపురంలో బ్రాంచి పెడతన్నాం కదా, అక్కణ్ణుంచి కూడా చూసుకోవచ్చంట. మనదీ అందులోకి ఎక్కించెయ్యండి."

"అలాగేనండి. కొత్తగా డిజైన్ చేస్తాను."

"కొత్తగా ఎందుకండీ? ఒక్క బటన్ కూడా మారకూడదు. ఇదే కావాలి, కాపోతే బ్రౌజర్లో కావాలి."

పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టండి అన్నట్టుంది కదా. నాకు మాత్రం తెగ నచ్చింది. ఎందుకంటే సరిగ్గా ఈ పిచ్చికి కావలసిన సరంజామా ఆ రోజుల్లో దొరికేది. దాన్ని టూల్‌కిట్ అనేవారు. డెస్క్‌టాప్ ప్రోగ్రాములో ఉండే కిటికీలు, మెనూలు, బటన్లు అన్నీ ముందే తయారుచేసి ఇస్తారు, మనం తెచ్చి బ్రౌజర్లో పేర్చుకోవడమే. బ్రౌజరు పాపం పేజీలు చూపించడానికి పుట్టింది. దానిచేత ఈ వేషం కట్టించాలి.

మూడు నెలలు కట్టించాను. బ్రౌజరుకి స్క్రోల్‌బారు ఉంది, అది చాలదని లోపల ఇంకోటి గీశాను. దాని మూలన మూసే గుర్తు ఉంది, లోపలి కిటికీకి ఇంకోటి, ఆ లోపలి చిన్న కిటికీకి మరొకటి. ఏది నొక్కితే ఏది పోతుందో నొక్కాక గానీ తెలియదు. నొక్కినప్పుడు లోపలికి దిగినట్టు కనిపించే బటన్ కోసం ఒక వారం పట్టింది. దాని నీడ ఒక పక్క ఎక్కువైందని రెండు రోజులు అన్నం సహించలేదు. ఇంత చేస్తే చివరికి వచ్చిందేమిటయ్యా అంటే, పక్క గదిలో నడుస్తున్న పాత ప్రోగ్రామే, కాస్త నెమ్మదిగా. అది చూసుకుని నా కళ్ళు చెమర్చాయంటే నమ్మండి.

ఓనరుగారి ముందు కిటికీని మౌసుతో పట్టుకుని అటూ ఇటూ లాగి చూపించాను. "బ్రౌజర్లో కిటికీ కదులుతుందండోయ్!" అని ఆయన రొయ్యల మేత డీలర్లందర్నీ పిలిచి చూపించారు. నీళ్ళ పరీక్షకి కిటికీ కదలడం దేనికని ఒక్కరూ అడగలేదు. ఆపరేటరు ఒక్కతే మెల్లగా వచ్చి అడిగింది.

"సార్, కీబోర్డుతో కూడా ఒకసారి చూస్తారా? నాకు మౌసు అలవాటు లేదండి."

"ఒక్క బటన్ కూడా మారలేదు మేడం, మీకెందుకండీ భయం?" అన్నాను. చూడలేదు. మూడు నెలలూ నేను మౌసుతోనే పరీక్షించాను.

సోమవారం పొద్దున్నే ఆకివీడు, ఉండి, కాళ్ళ ఊళ్ళ వైపు నుంచి రైతులు తెల్లవారుజామున చెరువుల్లో పట్టిన నీళ్ళ సీసాలతో వచ్చారు. నేను పెళ్ళికొడుకు తండ్రిలా ఆవిడ కుర్చీ వెనక నిలబడ్డాను. మొదటి సీసా అంకెలు కొట్టింది. ఎఫ్ ఫైవ్ నొక్కింది. ఖాళీ ఫారం వచ్చింది. రెండోది, మూడోది.

"పాతదానికన్నా తొందరగా సేవవుతుందండి సార్" అంది. నేను పొంగిపోయాను.

పదకొండింటికి రిపోర్టులు ప్రింటు తీయబోతే ఒక్కటంటే ఒక్కటి లేదు.

బ్రౌజర్లో ఎఫ్ ఫైవ్ నొక్కితే సేవ్ అవదు. పేజీ మళ్ళీ మొదటినుంచి తెరుచుకుంటుంది, అప్పటిదాకా కొట్టిందంతా పోతుంది. తెరవగానే ఖాళీ ఫారం కనబడేలా పెట్టింది నేనే. అంటే ఆవిడ పొద్దుటినుంచీ ప్రతి సీసా అంకెల్నీ కొట్టి పారబోసింది, పారబోసిన ప్రతిసారీ అచ్చం సేవైనట్టే కనిపించింది. అంత బాగా నకలు దింపాను.

కాగితం మీద ఏమీ లేదు. నీళ్ళు సింకులో పోసేశారు. ఎండెక్కాక పట్టుకొచ్చిన నీళ్ళు తెల్లవారుజాము సంగతి చెప్పవు.

"ఏంటండీ ఇది? రొయ్య పైకి తేలిపోతంది, రిపోర్టు చూసుకుని వలేసి పట్టుబడి చేద్దామని కూర్చున్నాను" అని ఒకాయన. "మళ్ళీ ఆకివీడు ఎల్లి రమ్మంటారాండి?" అని ఇంకొకాయన.

ఓనరుగారు వచ్చారు. "ఎవరి తప్పండీ ఇది?"

నాకు అప్పటికే అంతా అర్థమైంది. "ఆవిడ ఎఫ్ ఫైవ్ నొక్కారండి. బ్రౌజర్లో అది నొక్కకూడదు. దీన్ని మౌసుతో వాడాలి" అన్నాను. అందులో ఒక్క అబద్ధం లేదు. ఆడలేనమ్మ మద్దెల ఓడు అందట. నేను మద్దెలనైనా అనలేదు, వాయించే మనిషిని అన్నాను.

ఆవిడ నావైపు చూసింది. ఆ కీ మీరు పెట్టిందే కదండీ అంటుందేమోనని దానికీ ఒక జవాబు సిద్ధం చేసుకున్నాను.

"మౌసు పట్టుకోడం కూడా రాపోతే ఎలాగమ్మా? ఈ శనివారం దాకా రా, తర్వాత ఇంకొకర్ని చూసుకుంటాం" అన్నారు ఓనరుగారు.

మధ్యాహ్నం కూర్చుని ఎఫ్ ఫైవ్‌ని మళ్ళీ సేవ్‌గా మార్చాను. పది నిమిషాల పని. చాలా సిగ్గేసింది. అయినా ఓనరుగారి గదిలోకి వెళ్ళి తప్పు నాదని చెప్పలేదు. మూడు నెలల నా పనికి మచ్చ వస్తుందని భయం.

శనివారం వెళ్ళబోతూ ఆవిడ నా బల్ల దగ్గరికి వచ్చింది.

"సార్, సేవయ్యాక సేవయిందని ఒక మాట స్క్రీన్ మీద పెడతారా? వచ్చే అమ్మాయి నాలాగ ఖాళీ ఫారం చూసి మోసపోకూడదు కదండీ."

ఆదివారం కూర్చుని పెట్టాను, సీసా నెంబరుతో సహా, ఆకుపచ్చ అక్షరాల్లో. సోమవారం ఓనరుగారు చూసి నా భుజం తట్టారు.

"ఇది చాలా బాగుందండీ. ఎవరి ఆలోచన?"

"నాదేనండి" అన్నాను.