సంతకాల పుస్తకం

మా కూతురి కూతురు మలేసియాలోని ఇపో ఊళ్లో కాలేజీలో చేరిన నెలకే బంటింగ్‌లోని మా ఇంటికి తిరిగి వచ్చేసింది. బట్టల సంచి, దిండు, బకెట్. బకెట్ చూడగానే ఇది సెలవుకు రావడం కాదని అర్థమైంది.

"ఇంక పోను అమ్మమ్మా. ఏటీ అడగొద్దు లా," అంది, ఈ దేశపు పిల్లలందరిలా మాట చివర 'లా' తగిలించి.

అడగలేదు. అన్నం పెట్టాను. కింద కూర్చోబోయి కూర్చోలేకపోయింది. చూస్తే మోకాళ్లు రెండూ వాచి ఉన్నాయి.

"ఏటిది?"

"గుంజీలు. సీనియర్లు తీయించినారు."

అప్పుడు ఒక చిన్న నోటు పుస్తకం తీసింది. హాస్టల్లో కొత్తగా చేరిన పిల్లలంతా సీనియర్ల సంతకాలు సేకరించాలట. ఒక్కో సంతకానికి ఒక్కో పని. ఒకరి బట్టలు ఉతకాలి, ఒకరి ముందు కుర్చీ ఎక్కి పాడాలి, ఒకరు చాలనేదాకా గుంజీలు తీయాలి. మొదటి వారం ఫోన్‌లో ఈ సంగతి కొంచెం చెప్పింది. "పెద్దోలు సెప్పినట్టు సెయ్యి, నీకే మంచిది," అన్నాను. రబ్బరు ఎస్టేట్‌లో పెరిగిన నాకు అబ్బిన బుద్ధి అది. తప్పే.

పుస్తకాన్ని చెత్తబుట్టలో వెయ్యబోతే లాక్కున్నాను. అరవై దాటాక ఆదివారం క్లాసులో అక్షరాలు నేర్చుకున్నదాన్ని, తెలుగువీ, మలాయ్‌వీ. కాగితం కనబడితే వేలు పెట్టి చదవకుండా ఉండలేను. ప్రతి సంతకం కింద పేరు, గది నంబరు ఉన్నాయి.

"ఇవి ఎవరు రాసినారు?"

"వాళ్లే. పేరూ గదీ లేకపోతే సంతకం సెల్లదు."

"మరి పారేస్తావేటే, పిచ్చిదానా. సాక్ష్యం వాళ్లే రాసిచ్చినారు."

శనివారమంతా కూర్చోబెట్టి, ఒక్కో సంతకం పక్కన ఏ రోజు, ఎక్కడ, ఏం చేయించారో రాయించాను. ప్రతి పేజీ ఫోన్‌లో ఫొటో తీసింది. క్లినిక్‌లో మోకాళ్లు చూపించి చీటీ తీసుకున్నాం. సోమవారం ఇద్దరం బస్సెక్కాం. బకెట్ నేనే పట్టుకున్నాను.

హాస్టల్ వార్డెన్ నవ్వి, పరిచయాల కోసం పిల్లలు ఆడుకునే ఆట అంది మలాయ్‌లో. నేనూ మలాయ్‌లోనే చెప్పాను. "ఆటైతే మంచిదేనమ్మా. ఈ పుస్తకం చూశానని, ఇది ఆటేనని రాసి, మీరూ కింద పేరు వేసి సంతకం పెట్టండి."

ఆమె పెన్ను తీసి, మళ్లీ బల్ల మీద పెట్టేసింది. మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టింది. గుంజీల దగ్గరకు వచ్చేసరికి నవ్వు పోయింది. ఫిర్యాదు కాగితం తనే నింపింది. మధ్యాహ్నానికి ఆ గదుల వాళ్లందరినీ పిలిపించి, కొత్త పిల్లల పుస్తకాలన్నీ తెప్పించింది. మా పిల్లకు తన ఆఫీసు పక్క గది ఇచ్చింది. ఫిర్యాదు కింద నేనూ సంతకం పెట్టాను, తొందరపడకుండా.

ఉంటానని పిల్ల ఇంకా అనలేదని, తిరుగు బస్సు వేళకు నేను బకెట్ అందుకోబోతే వదల్లేదు.

"ఇక్కడే ఉండనీ లా. రేపు నేను స్నానం సెయ్యొద్దా ఏటి?"