బీరువాలో దాచిన ఎక్స్‌రే

కోరుట్ల బస్టాండులో ఉదయం ఆరున్నరకు జగిత్యాల బస్సెక్కాం. నేను, లావణ్య వదిన, ఐదేళ్ల మేనకోడలు అక్షిత. బస్సులో ఆడవాళ్లకు ఉచితం కాబట్టి ముగ్గురికీ టికెట్టు ఖర్చు లేదు. నా సంచిలో నీళ్ల సీసాతో పాటు పాత ఎక్స్‌రే ఫిల్ము ఒకటి ఉంది. రెండేళ్లుగా అది నా బీరువాలో, చీరల కింద పడి ఉంది.

అక్షితకు పుట్టుకతోనే వెన్నులో ఒక ఎముక సగమే ఏర్పడింది. మూడేళ్లప్పుడు ఆ ఎక్స్‌రే చూసిన డాక్టరు, చిన్నతనంలోనే ఆపరేషన్ చేయించమన్నాడు. పాప తండ్రి, మా అన్నయ్య, దుబాయిలో ఉన్నాడు. గల్ఫులో ఉన్న మనిషికి చెడ్డకబురు ఫోనులో చెప్పకపోవడం మా ఇళ్లలో అలవాటు. పని వదిలేసి వస్తాడేమో, లీవుకు వచ్చాక చూద్దామని వదినను ఆపిన మహా తెలివైనదాన్ని నేనే. లీవు రెండుసార్లు వాయిదా పడింది. వీడియోకాల్‌లో పాప ముఖం మాత్రమే చూపిస్తూ వచ్చాం.

జగిత్యాలలో కొత్త ఎక్స్‌రే తీయించేసరికి తొమ్మిదిన్నర. ఇడ్లీ తిని, వేములవాడ మీదుగా పోయే సిరిసిల్ల బస్సెక్కాం. పక్క సీట్లో మల్లాపూర్ నుంచి వస్తున్న ముస్లిం పెద్దామె, బట్టలు కుడుతుందట. పాప భుజాలు చూసి, "సీదా కూసో బేటీ, నడుము నొస్తది," అంది.

"నేను సీదనే కూసున్న," అంది అక్షిత.

నాకు అక్కడే బస్సు దిగిపోవాలనిపించింది.

సిరిసిల్లకు వెన్నెముక డాక్టరు హైదరాబాదు నుంచి నెలకోసారి వస్తాడు. వెళ్లేవాళ్లు ముందురోజే ఫోను చేసి వరుస నంబరు రాయించుకోండి. మేము రాయించుకోలేదు, రెండు దాటాక పిలిచారు. ఆయన రెండు ఫిల్ములూ పక్కపక్కన లైటుకు పెట్టి చాలాసేపు చూశాడు.

"అప్పుడైతే ఆ సగం ఎముక ఒక్కటి తీస్తే సరిపోయేది. ఇప్పుడు పైవీ కిందివీ కూడా వంగాయి. చాలా ఎముకలు కలిపి అతికించాలి. అతికించినచోట ఇక ఎదుగుదల ఉండదు. ఈ పాత ఫిల్ము ఇన్నాళ్లు ఎవరి దగ్గరుంది?"

"నా దగ్గరే," అన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.

బయటికొచ్చాక వదిన నా ముఖం చూడకుండా అంది: "ఇగ ఎవ్వలను అడుగ, ఎవ్వలకోసం ఆగ. అచ్చే నెలల్నే ఆపరేషన్ చేయిస్త."

తిరుగు ప్రయాణంలో జగిత్యాల బస్టాండులో కోరుట్ల బస్సు కోసం నిలబడ్డప్పుడు అన్నయ్య వీడియోకాల్ చేశాడు. ఫోను నేనే తీసుకున్నాను. "అన్నా, రెండేండ్ల సంది నీకు చెప్పలే. నేనే చెప్పనియ్యలే," అంటూ పాపను అటు తిప్పి, వీపు చూపించాను.

"సీదా నిలబడు బిడ్డా," అన్నాడు అన్నయ్య.

"సీదనే నిలబడ్డ డాడీ."

కోరుట్ల బస్సు వచ్చేదాకా అన్నయ్య ఫోను పెట్టెయ్యలేదు.