కొల్లేటి బురదలో కమాను కట్టిన మాస్టారు

మా డ్రాయింగు మాస్టారు పోయారు. ఏలూరు నుంచి కార్డు మూడోనాటికి గానీ నాకు చేరలేదు. అప్పుడు నేను తాడేపల్లిగూడెంలో, నా చేతిమీదుగా కట్టించిన బడి వసారాలో, చివరి కమాను వంపు కింద నుంచుని ఉన్నాను. "ఓవర్సీరుగారండీ, కార్డండీ" అని పోస్టుమేను చేతిలో పెట్టి వెళ్ళాడు. నాలుగే నాలుగు ముక్కలు. చదివి జేబులో పెట్టుకుని మళ్ళీ పైకే చూశాను. కమాను నడినెత్తిన సన్నటి పగులుంది. రెండు నెలల నుంచీ ఉంది. సున్నం పూయించాను, మళ్ళీ తెరుచుకుంది. మళ్ళీ పూయించాను. దాని కింద నుంచే రోజూ పిల్లలు గుంపులు గుంపులుగా లోపలికి వెళ్ళి వస్తుంటారు. అది ఎందుకొచ్చిన పగులో నాకొక్కడికే తెలుసు.

మాస్టార్ని తలుచుకుని నాలుగు మాటలు రాద్దామని కూచుంటే ఈ పగులు అడ్డొస్తోంది. దాన్ని పక్కకి నెట్టి మంచి మాటలు మాత్రమే రాయొచ్చు. నాకు ఓపిక లేదు. దాచిపెట్టుకుని తిరగడం ఎంత చాకిరీయో ఈ రెండు నెలల్లో తెలిసొచ్చింది, ఒళ్ళు హూనమైపోయింది. అంచేత రెండూ కలిపే రాస్తాను. చదివేవాళ్ళు కాస్త ఓర్చుకోవాలి.

మాస్టారు పొట్టిగా, బక్కగా ఉండేవారు. ఎవరింటికి వెళ్ళినా ముందు ఇంటికప్పు చూసి, ఆ తర్వాత ఇంట్లోవాళ్ళని చూసేవారు. గోడకి ఆనుకునే ముందు అరచేత్తో ఓసారి తట్టేవారు. ఆయన భార్యని మేమంతా అమ్మగారు అనేవాళ్ళం. ఆవిడ నవ్వుతూ చెప్పేవారు: "పెళ్ళిచూపులకొచ్చి నన్ను చూళ్ళేదు నాయనా. మా నాన్నగారితో 'ఏవండీ, మీ నడిమి దూలం కుంగిందండీ, కింద ఊత పెట్టించండి' అని చెప్పి వెళ్ళిపోయారు. నేను నచ్చానో లేదో పది రోజులదాకా మాకు తెలీనే లేదు."

మాస్టారు పక్కనే కూచుని, "కుంగింది నిజవేగా!" అనేవారు.

డ్రాయింగు క్లాసంటే పువ్వులూ కూజాలూ వెయ్యడం అనుకుని వెళ్ళాం మేము. ఆయన గోడ నిండా కట్టడాల బొమ్మలు అంటించి ఉంచేవారు. తాజ్ మహల్, బిజాపూరు గోల్ గుంబజ్, ప్యారిస్‌లో ఇనప గోపురం, న్యూయార్కులో ఇనప తాళ్ళకి వేలాడే వంతెన, హంపీ మండపాలు, మన గోదావరి రైలు వంతెన. ఏ బొమ్మ చూపించినా ఒకటే ప్రశ్న. "బరువు ఎటు పోతోందిరా?" ఎవడైనా చాలా అందంగా ఉందండీ అన్నాడా, ఒళ్ళు మండిపోయేది ఆయనకి. "అందం సంగతి తర్వాత ఏడుద్దాం. ముందు బరువు ఎటు పోతోందో చెప్పు."

హంపీ మండపం మా బుర్రకెక్కడానికి రెండు స్టూళ్ళ మీద చెక్క అడ్డంగా పెట్టి, దాని మీద మమ్మల్ని కూచోబెట్టారు. చెక్క వంగింది. దూలం వంగుతుందనీ, రాతి దూలమైతే వంగలేక విరుగుతుందనీ, అందుకే ఆ మండపాల్లో అన్ని స్తంభాలు దగ్గర దగ్గరగా పాతారనీ చెప్పారు. మరో రోజు నాలుగు కందిపుల్లలు చదరంగా కట్టి మూల మీద నొక్కితే పక్కకి ఒరిగిపోయింది. మూడు పుల్లలు కట్టి నొక్కితే ఒరగలేదు. "ప్యారిస్ గోపురం మొత్తం ఇంతేరా, ముక్కోణాలు" అన్నారు. వేలాడే వంతెనకి నూతి దగ్గరి చేదతాడు తెచ్చి, ఇద్దరి చేత చెరో కొసా పట్టించి, నడుమ బరువు వేలాడదీసి చూపించారు. కమాను దగ్గరకొచ్చేసరికి మాత్రం మమ్మల్నే వాడుకున్నారు. నన్నూ ఇంకొకణ్ణీ ఎదురెదురుగా నిలబెట్టి, అరచేతులు కలిపి ఒకడి మీదకి ఒకణ్ణి వాలమన్నారు. వాలాం. కాళ్ళు వెనక్కి జారాయి. ఇద్దరం బోర్లాపడ్డాం, క్లాసంతా గొల్లుమంది. అప్పుడు మా మడమల వెనక చెరొకణ్ణీ కూచోబెట్టారు. ఈసారి ఎంత వాలినా జారలేదు.

"చూశారా? కమాను బరువుని కిందికే కాదు, పక్కకి కూడా తంతుంది. ఆ తన్ను కాసేవాడు లేకపోతే ఎంత సొగసైన కమానైనా వీళ్ళలాగే పళ్ళు రాలగొట్టుకుంటుంది. గుమ్మటం అయితే చుట్టూతా తంతుంది. గోల్ గుంబజ్‌కి అంతంత లావు గోడలు ఎందుకనుకున్నారు మరి?"

"ఇవన్నీ మీరు చూశారాండీ?" అని అడిగాం.

"గోదావరి వంతెన ఒక్కటే చూశాన్రా, అత్తారింటికి పోతూ. తతిమ్మావి నేను చూడకపోయినా నిలబడే ఉన్నాయి" అన్నారు.

ఏటా ఎండలు ముదిరి నీళ్ళు తీశాక, క్లాసు మొత్తాన్నీ కొల్లేరు తీసుకెళ్ళేవారు. కొంత దూరం బండ్ల మీద, కొంత దూరం పడవల మీద. అదో లంక ఊరు. అక్కడ కాలవ మీద నడుం విరిగిన చిన్న ఇటుక వంతెన ఉంది. ఒకటే కమాను. రెండు కాళ్ళూ ఎడంగా జారిపోయి నడినెత్తిన చెయ్యి దూరేంత పగులు. పక్కనే తాటి దూలాలు పరిచిన వంతెన మీదుగా జనం వలలు భుజాన వేసుకుని పోతున్నారు. మాస్టారు మమ్మల్ని ఆ విరిగినదాని ముందు వరసగా నిలబెట్టి, "దీనికి బొమ్మ గీసి నేనే కట్టించాను. తప్పు నాది. ఎక్కడ తప్పానో చెప్పండి" అన్నారు.

ఆయన మొహంలోకి చూడ్డానికి మాకే సిగ్గేసింది.

ఆ గట్టునే చుట్టిల్లులో ఉండే ముసలమ్మ చేపలు ఎండబెట్టుకుంటూ మమ్మల్ని చూసి నవ్వింది. "వచ్చారాండీ మాస్టారుగారూ, ఈ యేడు పిల్లలకి చూపించడానికి? ఆయ్, నేను ఆనాడే చెప్పానండి. మా నేల మెత్తనండి, బరువుకి ఓర్చదండి, రెండు తాటి దూలాలు పడేయించండి చాలని. యింటేనా! బొమ్మలో వంతెన తెచ్చి మా లంకలో పెట్టేద్దామనుకున్నారు."

"వినలేదమ్మా" అన్నారు మాస్టారు.

ఆయన అటు వెళ్ళగానే ఆవిడ గొంతు తగ్గించి మాతో చెప్పింది. "కట్టిన యేడే వరదొచ్చి పగిలింది బాబూ. కబురెడితే ఆ పూటే వచ్చేశారు. తాటి దూలాలు పడేదాకా రెండ్రోజులు ఈ గట్టు మీదే, ఎండలో, ఒక్క మనిషిని ఎక్కనివ్వకుండా నుంచున్నారు. ఎందుకండీ అంటే, నేను తప్పు కట్టానండీ, ఎక్కకండీ అని అందరికీ దణ్ణం పెట్టడం."

తర్వాత మాస్టారు మమ్మల్ని ఆవిడ ఇంట్లోకి వంగి దూరమన్నారు. గుండ్రటి మట్టిగోడ, పైన నెత్తిన కలిసే వాసాలు, చుట్టూ బిగించి కట్టిన తాడు, తాటాకు కప్పు. "వాసాలు కూడా బయటికి తన్నేవేరా. ఆ తాడు కాస్తోంది. గాలి చుట్టూ జారిపోతుంది. నేల కుంగితే ఇల్లూ దాంతోపాటే కుంగుతుంది గానీ విరగదు. తను ఎక్కడ నుంచుందో ఈ ఇంటికి తెలుసు. నేను కట్టినదానికి తెలీలేదు."

తిరిగొచ్చేటప్పుడు పడవలో అడిగాను. "దాన్ని పడగొట్టించెయ్యొచ్చు కదండీ, మాస్టారూ?"

"పడగొట్టేస్తే నేను తప్పే చెయ్యనివాణ్ణయిపోతాన్రా. అది ఇంకా ప్రమాదం" అన్నారు.

ఆయన చలవ వల్లే నేను ఓవర్సీరునయ్యాను. ఆ మధ్య సిడ్నీలో పెద్ద ఇనప కమాను వంతెన తెరిచారని పేపర్లో బొమ్మ పడితే, కత్తిరించి నాకు పంపారు. కింద పెన్సిలుతో, "రెండు కాళ్ళూ కొండరాతిలో ఆన్చారు. మనది బురద" అని రాశారు. చదివి నవ్వుకున్నాను.

గూడెంలో బడి కట్టించే పని నాకొచ్చింది. డాబా, ముందు వసారా, వసారాకి మూడు కమానులు. నడిమి స్తంభాల దగ్గర అటు కమానూ ఇటు కమానూ ఒకదాన్నొకటి తన్నుకుని సరిపోతాయి. చివరి స్తంభానికి అటువైపు కాసేవాళ్ళు లేరు. అందుకని దాని పక్కన లావుగా ఆనుడుగోడ కట్టాలి. ప్లానులో ఉంది కూడా. కంట్రాక్టరు వద్దన్నాడు. ఆ గోడ వస్తే ముందు రూపం పోతుందనీ, ప్రారంభానికి వారం కూడా లేదనీ అన్నాడు. ఓ రోజంతా వాదించాను. రెండో రోజుకి విసుగొచ్చి ఊరుకున్నాను. అంతే, ఇంకేం లేదు. నాకు తెలియక కాదు, ఎవరూ బలవంతపెట్టీ కాదు. అలసిపోయి ఊరుకున్నాను.

ప్రారంభానికి మాస్టార్ని పిలిచాను. రైల్లో వచ్చారు. అప్పటికే బాగా నీరసించి ఉన్నారు. అందరూ కమానులు ఎంత బాగున్నాయో అంటూంటే, ఆయన మెల్లిగా చివరి స్తంభం దగ్గరికి వెళ్ళి అరచేత్తో తట్టారు.

"బరువు ఎటు పోతోందిరా?"

"చూసుకున్నానండీ" అన్నాను.

ఆయన కమాను వైపు చూళ్ళేదు. నా మొహం చూశారు. "సరే" అని భోజనానికొచ్చి కూచున్నారు. వారం తిరక్కుండా కార్డు వచ్చింది. "ఆ చివరి స్తంభం ఇంకోసారి చూడు. ముసలాణ్ణి, పొరపాటు నాదే అయ్యుండొచ్చు. జవాబు రాయి." రాయలేదు. ఆ తర్వాత పగులొచ్చింది. అప్పుడూ రాయలేదు. రాస్తే ఒప్పుకున్నట్టవుతుందని భయం.

పోయినట్టు కార్డు అందిన మర్నాడు ఏలూరు వెళ్ళాను. అమ్మగారు చాప మీద గోడకి ఆనుకుని కూచున్నారు. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. నన్ను చూసి ఆవిడే అన్నారు. "ఈ రెండు నెలలూ మంచం దిగలేకపోయినా, పోస్టుమేను వచ్చే వేళకి మాత్రం నన్ను పట్టుకుని అరుగు మీదకొచ్చేవారు నాయనా. గూడెం నుంచి ఏవన్నా వచ్చిందా అనేవారు. ఏంటో ఎందుకో చెప్పేవారు కాదు. నాకేం తెలుసు?"

నాకు తల కొట్టేసినట్టయింది.

"నువ్వు కట్టించిన ఆ బడి బాగానే ఉందా?"

"బాగానే ఉందమ్మగారూ" అన్నాను.

"అమ్మయ్య" అన్నారావిడ.

గూడెం వచ్చే పాసింజరులో కిటికీ పక్కన కూచున్నాను. ఉసూరుమంటూ ఉంది ప్రాణం. గొప్ప నిర్ణయాలేవీ తీసుకోలేదు. ఆయన అన్నిసార్లు మమ్మల్ని పడవలెక్కించి అంత దూరం ఎందుకు తీసుకెళ్ళారో, ఈ వయసొచ్చినా నా బుర్రకెక్కలేదు కదా అని మాత్రం ఏడుపొచ్చింది. తెల్లారి లేవగానే అమ్మగారికి కార్డు రాశాను. "నిన్న మీకు అబద్ధం చెప్పాను. బడి బాగాలేదు. మాస్టారు అడిగింది అదే. నేను జవాబు రాయలేదు." డబ్బాలో వేసి తిన్నగా బడికి వెళ్ళాను.

హెడ్మాస్టరుగారు అప్పుడే తాళాలు తీస్తున్నారు.

"పిల్లల్ని లోపలికి పంపకండి. గదులు ఖాళీ చేయించండి" అన్నాను.

"అదేవిటండీ! సున్నం బీటలే, ఏం భయం లేదని మీరే కదండీ అన్నారు?"

"అబద్ధవండీ. పక్కన గోడ కట్టించాలి. కట్టించలేదు."

"ఎవరండీ కట్టించంది?"

"నేనేనండీ."

ఆయన తాళాలు జేబులో వేసుకున్నారు. తిట్టుంటే బాగుండేది. గంట కొట్టించి పిల్లల్ని ఆవరణలోకి పిలిచారు, అంతే.

ఇప్పుడు కమానుల కింద తాటి దూలాలు ఊత పెట్టి ఉన్నాయి. ఆనుడుగోడ లేస్తోంది. పై ఆఫీసుకి జరిగింది జరిగినట్టు రాసి పంపాను. నా ఉద్యోగం ఏమవుతుందో తెలీదు. ఇది చదివేవాళ్ళలో ఆ బడికి పిల్లల్ని పంపిన తల్లిదండ్రులుంటే, మీకు ఈ మాట రెండు నెలల కిందటే చెప్పాల్సింది. నా మాస్టారికీ చెప్పాల్సింది. ఆయనకి చెప్పే వీలు ఇక లేదు.

ఆ ఉదయం బెంచీలన్నీ బయటికి మోశారు. చిన్న క్లాసు ఆడపిల్లలిద్దరు ఎత్తలేక ఒకటి ఈడుస్తుంటే ఓ చివర నేను పట్టుకున్నాను.

"ఇక్కడ పెట్టేద్దామాండీ?" అంది ఒకమ్మాయి.

"ఇంకొంచెం దూరం అమ్మా."

పది అడుగులు వేసి మళ్ళీ ఆగారు. "ఇక్కడాండీ?"

వెనక్కి తిరిగి చూశాను. లేత ఎండలో మూడు కమానులూ తెల్లగా, ఎంతో అందంగా నిలబడి ఉన్నాయి.

"ఇంకొంచెం దూరం" అన్నాను.